మా బండి ఎక్కకండి, టమాటాలు పాడవుతాయి

గుర్రబ్బండికి ప్రయాణికుడంత పనికిమాలిన వస్తువు ఇంకొకటి లేదు! మనిషి అనేవాడు ఎక్కకుండా ఉంటేనే బండికి అందం, గుర్రానికి ఆరోగ్యం, వీధికి సౌభాగ్యం. ఇది నా నిశ్చితాభిప్రాయం.

తొందరపడి పేపరు మడిచెయ్యకండి. ఇదేదో ఊసుపోక రాస్తున్న మాట కాదు. మీసాలు మొలవని వయసు నుంచి, ఆ మీసాలు నెరిసిపోయిన ఈ వయసు దాకా గుర్రబ్బండి తోలుతున్నవాణ్ణి. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో బండి నీడన కూర్చుని ఈ కాలమ్ రాస్తున్నవాణ్ణి. పగ్గాలు పట్టే చేత్తోనే కలమూ పడతాను. ఆ రెండు పనుల అనుభవమూ కలిపి రంగరించి చెబుతున్నాను, వినండి.

అసలు బండికి ఏం కావాలి? చక్రాలు కావాలి. చక్రాలకి ఇరుసు కావాలి. ఇరుసుకి కందెన కావాలి. కింద కుదుపు ఆపే కమానులు, ముందు గుర్రాన్ని కట్టే నొగలు, పైన టాపు, పక్కన దీపం కావాలి. నొగల మధ్య ఒక గుర్రం కావాలి. ఇందులో ప్రయాణికుడెక్కడున్నాడు? బండి చేసిన వడ్రంగి ఏ మేకు కొట్టి ప్రయాణికుణ్ణి బండికి బిగించాడు? ఎక్కడా లేదే! అంటే ఏమిటి? ప్రయాణికుడు మధ్యలో వచ్చి మధ్యలో దిగిపోయేవాడు. అలాంటివాడి కోసం మనం బండి కట్టడం ఏం న్యాయం?

పైగా వాళ్ళతో ఎన్ని అవస్థలో! నలుగురు ఎక్కుతారు. నలుగురూ వెనక్కే కూర్చుంటారు. గాలి అక్కడే బాగా వస్తుందట. వెనక బరువెక్కితే నొగలు పైకి లేస్తాయి. నొగలు లేస్తే గుర్రం పొట్ట కింద పట్టీ బిగుసుకుని, ముందు కాళ్ళు గాల్లో తేలిపోతాయి. కాస్త ముందుకు జరగండి బాబూ అని ఒక జీవితకాలం బతిమాలాను. ఎవరైనా జరిగితేగా! తమ ఆస్తిలోంచి వాటా అడిగినట్టు చూసేవారు. ఒకాయనైతే, ముందుకు జరగమన్నానని అలిగి, దిగి, బండి పక్కనే నడుస్తూ ఇంటిదాకా వచ్చి, నడిచాను కాబట్టి డబ్బులివ్వనన్నాడు.

ఇలాంటి ప్రయాణికుల పీడ నుంచి నాకు విముక్తి కలిగించిన మహానుభావులు మా వీధి వాళ్ళు. ఆ చరిత్ర మీకు చెప్పాలి. ముందు మా గుర్రాన్ని పరిచయం చేస్తాను.

మాది ఆడగుర్రం. గోధుమ రంగు, నుదుట తెల్ల చుక్క. కొన్న మొదటి రోజు దాణా తొట్టి ముందు పెడితే, ఒకసారి వాసన చూసి, మొహం పక్కకి తిప్పి, ఈ ఇంట్లో ఇంతేనా మర్యాద అన్నట్టు నా వంక చూసింది. సరిగ్గా మా నాన్నగారి చెల్లెలు మా ఇంటికొచ్చినప్పుడల్లా చూసే చూపు అది. ఆ క్షణం నుంచీ దాని పేరు మేనత్త. ఈ సంగతి అసలు మేనత్తకి తెలిసి నాతో మాట్లాడ్డం మానేసింది. అదొక లాభం.

మేనత్తకి కొన్ని పట్టింపులున్నాయి. మాలీషు చేసేటప్పుడు మెడ దగ్గర మొదలుపెట్టాలి, నడుం దగ్గర మొదలుపెడితే ఒప్పుకోదు. కళ్ళెం నోట్లో పెట్టే ముందు ఆ ఇనప ముక్కని అరచేతుల మధ్య రుద్ది వెచ్చబెట్టాలి. చలికాలం పొద్దున చల్లటి ఇనుము నోట్లో పెడితే మనకు మాత్రం ఎలా ఉంటుంది? ఇక దారిలో ఎవరు చెయ్యెత్తినా సరే, నేను పగ్గం లాగక్కర్లేదు, తనే ఆగుతుంది. ఎవరో బస్సు ఆపుకోవడానికి చెయ్యెత్తినా ఆగేది. బట్టలు ఆరేసే ఆడవాళ్ళని చూసి కూడా ఆగేది. అంత మర్యాద తెలిసిన జీవి.

అలాంటి మేనత్త మీద మా వీధి అసోసియేషన్ ఒక రోజు కన్నెర్ర చేసింది. కారణం ఏమిటయ్యా అంటే, లద్ది.

పొద్దున్నే బండి కట్టి నాలుగడుగులు వెయ్యగానే మేనత్త తోకెత్తుతుంది. ఏ గుర్రమైనా అంతే. కదిలితే పొట్ట కదులుతుంది. అది సరిగ్గా అసోసియేషన్ అధ్యక్షుడి గారి గేటు ముందు జరిగేది. ఆయన రిటైరైన ఆఫీసరు. ఏ ఆఫీసులో రిటైరయ్యారో ఎవరికీ తెలీదు గానీ, ఇప్పటికీ భోజనానికి లేచినా మీటింగ్ వాయిదా వేసినట్టే లేస్తారు. ఆయన తెల్లటి బూట్లు వేసుకుని వాకింగ్‌కి వస్తూ ఒక రోజు కాలు జారారు. ఎందులో జారారో చెప్పక్కర్లేదు కదా!

మీటింగ్ పెట్టారు. నన్ను నిలబెట్టారు. కంపు అన్నారు, ఈగలు అన్నారు, నాగరికత అన్నారు. మూడో మేడ మీద ఉండే లెక్కల టీచరు మేడం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, గుర్రపుసాల ఈ వీధిలో ఉండటానికి వీల్లేదని గట్టిగా చెప్పింది. గుర్రం తోక కింద సంచి కట్టు, లేదా సామాను సర్దుకో అని తీర్మానం చేశారు. నేను పాత దుప్పటి చింపి సంచి కుట్టి కట్టాను. మేనత్త ఆ సంచి వంక, తర్వాత నా వంక చూసిన చూపు నేను ఈ జన్మలో మర్చిపోను.

ఇక్కడే, చదువరులారా, సైన్సు ప్రవేశించింది!

లెక్కల టీచరు మేడం మేడ మీద కుండీల్లో టమాటా మొక్కలు పెంచుతోంది. ఆర్గానిక్. వీడియోలు చూసి పెంచుతోంది. ఆ మొక్కలు కూడా వీడియోలు చూస్తూ కూర్చున్నాయేమో, కాయలు మాత్రం కాయలేదు. ఏ వీడియోలో చూసిందో ఏమో, ఒక పొద్దున చుట్టూ చూసుకుంటూ మా సాల దగ్గరికొచ్చి, ఆ సంచిలోది కొంచెం ఇస్తారా అని గుసగుసగా అడిగింది. పాత కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాను. అది ఈ కాలమ్ వచ్చిన కాగితమే, గమనించండి. ఆ విధంగా సాహిత్యానికి కూడా అందులో వాటా ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మేడం చేతిలో ఒక టమాటా పట్టుకుని ఫొటో దిగి వీధి గ్రూపులో పెట్టింది. పక్కన కొలత కోసం వాళ్ళాయన తలకాయ. ఏది ఏదో పోల్చుకోవడం కష్టమైంది.

మర్నాడు పొద్దున నేను సాల తలుపు తీసేసరికి బయట బకెట్లు వరసగా ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఎర్ర బకెట్ ఎవరిదనుకున్నారు? అధ్యక్షుడి గారిది! తెల్లటి బూట్లు విప్పి, చెప్పులతో వచ్చారు. ఆయన మేనత్తకి నమస్కారం పెట్టడం నేను కళ్ళారా చూశాను. మేనత్త తిరిగి పెట్టలేదు.

అప్పట్నుంచి మా వీధిలో లద్ది అనే మాట వినపడదు. ప్రసాదించడం, దయచెయ్యడం, అనుగ్రహించడం వంటి క్రియలు వాడతారు. ఈ రోజు మేనత్తగారు అనుగ్రహించారా అని అడుగుతారు. పొద్దుటిది వేడి చేస్తుంది, గులాబీలకి పనికిరాదు, మధ్యాహ్నపుది చలవ అని ఒకరు కనిపెట్టారు. కాదు, వంకాయకి పొద్దుటిదే పడాలని ఇంకొకరు. ఈ విషయం మీద రెండు కుటుంబాల మధ్య మాటల్లేవు. ఆ రెండూ వియ్యానికి సిద్ధపడ్డ కుటుంబాలే! పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వంకాయ, పెళ్ళికూతురి తరఫువాళ్ళు గులాబీ. పాపం ఆ పిల్లా పిల్లాడూ మధ్యలో కూరలు కొనుక్కుని తింటున్నారట.

మరి ప్రయాణికుల సంగతేమిటి అంటారా? వస్తున్నాను.

ఒక రోజు బజారులో గుడ్డలషాపు ఆయన నా బండెక్కి ఊరవతల చుట్టాలింటికి పోనిమ్మన్నాడు. పోనిచ్చాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి వీధి మొగలో అసోసియేషన్ మొత్తం నిలబడి ఉంది. సంచి చూశారు. ఖాళీ. ఎక్కడ పోయిందన్నారు. సంచి ముడి ఊడి, ఊరవతల ఏదో రోడ్డు మీద పడిపోయిందని చెప్పాను. లెక్కల టీచరు మేడం కళ్ళు తుడుచుకుంది. అధ్యక్షులు గొంతు సవరించుకుని, వీధి సంపద వీధి దాటిపోవడం అన్యాయమని ప్రకటించారు.

అలా వచ్చింది కొత్త తీర్మానం. ఇక మీదట బండి వీధి దాటకూడదు. ప్రయాణికుల్ని ఎక్కించకూడదు. నా గిరాకీ లోటు ఇంటింటా తలా కాస్త వేసుకుని వాళ్ళే పూడుస్తారు. నేను, మేనత్త హాయిగా కూర్చోవాలి. తినాలి. మిగతాది ప్రకృతి చూసుకుంటుంది.

చూశారా అదృష్టం! ఎండలో తిరగనక్కర్లేదు. వానలో తడవనక్కర్లేదు. బేరాలు లేవు. ముందుకు జరగండి అని గొంతు చించుకునే పని లేదు. కూర్చోబెట్టి జీతమిచ్చే ఉద్యోగం కోసం జనం ఎన్ని పరీక్షలు రాస్తున్నారండీ! నాకు, ఒక గుర్రం వెనక భాగం పుణ్యమా అని, ఊరికే దొరికింది. పగటిపూట మంచమేసుకుని పడుకుంటున్నాను. ఈ కాలమ్ కూడా నిరుడు రాసినదానికంటే పొడవుగా రాస్తున్నాను. అది మీరు గమనించే ఉంటారు, బాధపడే ఉంటారు.

ఇక మేనత్త భోగం చూడాలి. ఇంతకుముందు ఎండుగడ్డి, తవుడు, నానబెట్టిన ఉలవలు, అంతే. ఇప్పుడు ఆహార సబ్ కమిటీ వేశారు. ఉలవలు పెంచితే టమాటా ఎరుపెక్కుతుందని మేడం వర్గం. తవుడు తగ్గిస్తే మిరపకి ఘాటు వస్తుందని రెండో వర్గం. ఇంటికొకరు ఏదో ఒకటి తెచ్చి తొట్టిలో పోస్తారు. పాలకూర తెచ్చారు, క్యారెట్లు తెచ్చారు, ఒకాయన తన షుగరు బిస్కెట్లు తెచ్చాడు. మేనత్త దేనికీ కాదనలేదు. అన్నీ మొహం పక్కకి తిప్పుకునే తింది. కొన్నాళ్ళకి నొగల మధ్య పట్టడం మానేసింది.

పట్టాల్సిన అవసరం ఏముంది లెండి! బండి కదిలితేగా! నిజానికి కదలని బండి వల్ల లాభాలు ఎన్నో. చెక్క చక్రం తిరక్కపోతే ఎండి కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న ఇనప పట్టా వదులవుతుంది. దాని మీద రోజూ నీళ్ళు చల్లుతూ కూర్చుంటే మనకి మంచి వ్యాయామం. ఇరుసు మీద కందెన గడ్డకట్టి, అందులో ఒక సాలెపురుగు కాపురం పెట్టింది. ప్రాణికోటికి ఆశ్రయమిచ్చిన పుణ్యం! తోలు పట్టీలు బిరుసెక్కి, గోడకి వాటంతట అవే నిలబడుతున్నాయి, మేకు ఖర్చు లేదు. నాడాలు కొట్టే ఆయన వచ్చి డెక్కలు చూసి, నాడాలు అరగలేదుగానీ డెక్కలు పెరిగిపోయాయి, ఇది నడుస్తోందా లేదా అని అడిగాడు. నడవాల్సిన అవసరం లేని స్థాయికి ఎదిగిందని గర్వంగా చెప్పాను. ఆయన డెక్కలు కోసి, తల అడ్డంగా ఊపి, సంచి సర్దుకుని పోయాడు. పనివాళ్ళకి పై స్థాయి సంగతులు ఏం తెలుస్తాయి!

ఒక్కటే చిన్న చిక్కు. చెప్పుకోదగ్గది కాదు, అయినా మీ దగ్గర దాపరికం ఎందుకు?

రోజూ పొద్దున, బండి కట్టే వేళకి, మేనత్త తనంతట తనే సాలలోంచి వచ్చి, వంచి పెట్టిన నొగల మధ్యకి వెళ్ళి నిలబడేది. ఆ లావుతో దూరి, పక్కలు గీసుకుంటున్నా సరే దూరి, నిలబడేది. మెడ వంచి, నోరు కాస్త తెరిచి, కళ్ళెం కోసం ఎదురు చూసేది. ఎండెక్కేదాకా అలాగే ఉండి, తర్వాత వెనక్కి అడుగులేసుకుంటూ సాలలోకి పోయేది. నేను మంచం మీద అటు తిరిగి పడుకునేవాణ్ణి. మా ఆవిడ చీపురు పట్టుకుని కాసేపు దాని వంకా కాసేపు నా వంకా చూసి, ఒక రోజు ఉండబట్టలేక అంది:

"ఏమండీ, అది రోజూ వచ్చి నిలబడుతోంది. ఏమని చెప్పమంటారు దానికి?"

ఏమని చెబుతాం? తీర్మానం అయిందని చెప్పాలా? నాకు చాలా బాధేసింది. మేనత్తకి తెలిసిన పని ఒకటే, నాకు తెలిసిన పని కూడా ఒకటే. కానీ బాధ వెయ్యడం వేరు, అభివృద్ధి వేరు. వీధిలో ప్రతి మేడ మీదా టమాటాలు ఎర్రగా మెరుస్తుంటే, ఒక గుర్రం మనసు గురించి మాట్లాడితే ఏం బాగుంటుంది చెప్పండి?

ఇంతలో ఒక ఉదయం పిడుగు పడింది. బకెట్లు వరసగా ఉన్నాయి. మేనత్త అనుగ్రహించలేదు!

మధ్యాహ్నం దాకా చూశారు. లేదు. సాయంత్రమూ లేదు. మర్నాడు పొద్దున దాణా ముట్టలేదు. ముందు కాలితో నేల గోకుతోంది. మాటిమాటికీ తల తిప్పి తన పొట్ట వంక చూసుకుంటోంది. పడుకుంటోంది, లేస్తోంది, మళ్ళీ పడుకుంటోంది. గుర్రాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, అది ఏమిటో నాకు తెలుసు. పొట్ట కట్టేసింది. గుర్రానికి పొట్ట కడితే ప్రాణం మీదికొస్తుంది. మా నాన్నగారి గుర్రం ఒకటి అలాగే పోయింది.

పశువుల డాక్టరు వచ్చాడు. బయట వీధి మొత్తం బకెట్లతో నిలబడింది. డాక్టరు పొట్టకి గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. మందు నూనె పట్టించాడు. ఇది రోజూ ఎంత దూరం తిరుగుతుందని అడిగాడు. నేను నేల చూపులు చూశాను. అధ్యక్షులు ముందుకొచ్చి, మా వీధిలో మేనత్తగారికి పూర్తి విశ్రాంతి అని సగర్వంగా విన్నవించారు.

"విశ్రాంతి కాదండీ, దీన్ని చంపుతున్నారు," అన్నాడు డాక్టరు. "నడిపిస్తేనే గుర్రం పొట్ట నడుస్తుంది. లద్ది కావాలంటే రోడ్డెక్కించండి."

ఆ మాట విని అధ్యక్షులు బకెట్ కింద పెట్టేశారు. లద్ది కోసం కదలనివ్వకుండా కూర్చోబెడితే, కూర్చోబెట్టడం వల్లే లద్ది ఆగిపోయిందా? ఇంత చిన్న సంగతి ఏ వీడియోలోనూ చెప్పలేదే! మేడం ఫోను తీసి వెతకడం మొదలుపెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం మా వీధిలో జరిగిన ఊరేగింపు మీరు చూడాల్సింది. ముందు నేను, మేనత్త మెడతాడు పట్టుకుని. వెనక అధ్యక్షులు, ఎర్ర బకెట్. ఆ వెనక మేడం, వాళ్ళాయన, వంకాయ వర్గం, గులాబీ వర్గం. ఎవరూ మాట్లాడకూడదని ఆజ్ఞ. అందరి కళ్ళూ ఒకే చోట. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి. నేను మాత్రం దాని చెవిలో ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. తిట్టాను, బతిమాలాను, ఇంకెప్పుడూ కూర్చోబెట్టనని ఒట్టేశాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వీధివాళ్ళు అది చూసి, మొక్కల మీద నాకున్న మమకారానికి మెచ్చుకున్నారు.

పొద్దు వాలుతుండగా మేనత్త ఆగింది. కాళ్ళు ఎడంగా పెట్టింది. తోకెత్తింది.

చప్పట్లు! మిఠాయిలు పంచారు. గులాబీ వర్గం, వంకాయ వర్గం కావిలించుకున్నాయి, ముహూర్తం కూడా అక్కడే మాట్లాడేసుకున్నారు. అధ్యక్షులు బకెట్ పట్టడానికి ముందుకి పరిగెత్తి మళ్ళీ జారారు. ఈసారి నాగరికత గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను మేనత్త మెడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

తర్వాత డాక్టరు చెప్పిన పథ్యం ఏమిటంటే, పిచ్చి తిండి మానిపించాలి, ఒళ్ళు తగ్గి నొగల మధ్య పట్టగానే రోజూ బండి కట్టాలి, మోయగలిగినంత బరువుతో ఊరంతా తిప్పాలి. అసోసియేషన్‌కి మళ్ళీ సంకటం. బరువంటే మనుషులు. బయటి మనుషులు ఎక్కితే ఎక్కడెక్కడికో పొమ్మంటారు. అందుకని వీధి వాళ్ళే వంతులేసుకుని ఎక్కాలని తీర్మానించారు. సంచి మీద నమ్మకం పోయింది, అందుకని వెనక్కి తిరిగి కూర్చుని రోడ్డు మీద నిఘా వెయ్యాలి. పడితే బండి ఆపించి ఎత్తుకోవాలి. దీని పేరు డ్యూటీ.

ఆహా, ఇంతకంటే ఏం కావాలి! రోజూ బండి నిండా జనం! వెనక్కి కూర్చోవడం వాళ్ళ డ్యూటీయే కాబట్టి నేను ముందు బియ్యం బస్తా వేసుకుని బరువు సరిచేసుకున్నాను. ఎక్కడికి పోనిమ్మంటారండీ అని మొదటి రోజు అలవాటు కొద్దీ అడిగాను. ఎక్కడికైతేనేం, కాస్త ఎత్తుపల్లాలున్న రోడ్డయితే త్వరగా అవుతుందని మేడం సలహా ఇచ్చింది. ఆ రోజు నుంచి నేను అడగడం మానేశాను.

ఊరంతా తిరిగాం. బజారు, బడి, పార్కు, ఆస్పత్రి. కదలని బండి కన్నా ఇది మెరుగే, మేనత్త చెవులు నిక్కబొడుచుకుని నడుస్తోంది. కానీ ఒక్కరూ ముందుకు చూడరు. నేనెటు తోలుతున్నానో, దారిలో ఏం వస్తోందో, ఎవరికీ పట్టదు. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే మేనత్త ఆగేది. వెంటనే వెనకనుంచి పోనీ పోనీ అని కేకలు. నేను పగ్గం విదిలించేవాణ్ణి. మేనత్త ఒకసారి తల తిప్పి చూసి నడిచేది. చెప్పాను కదా, దాని చూపు.

మొన్న ఉదయం సంగతి చెప్పి ముగిస్తాను. డ్యూటీలో అధ్యక్షులు, మేడం, వాళ్ళాయన ఉన్నారు. రోడ్డు పక్కన ఒక పెద్దావిడ, పక్కన రేకు పెట్టె, చంకలో బట్టల మూట. చెయ్యెత్తింది. మేనత్త ఆగింది.

"స్టేషన్‌కి పోనిస్తావా నాయనా? నా కూతురు పురిటికి ఆస్పత్రిలో చేరింది. ఈ రైలు తప్పిపోతే మళ్ళీ రేపే," అందావిడ. పాపం, ఆటో ఒక్కటీ ఆగలేదట.

అధ్యక్షులు వెనకనుంచి మెడ చాపి, ఇది ప్రయాణాల బండి కాదమ్మా అని చెప్పారు.

"అయితే దేని బండి?" అందావిడ.

అమాయకంగా అడిగింది. వెటకారం ఏ కోశానా లేదు. నేను అధ్యక్షుడి గారి జవాబు కోసం చూశాను. ఆయన మేడం వంక చూశారు. మేడం బకెట్ వంక చూసింది. రోడ్డు నడిమధ్యన, బండిలో కూర్చున్న చదువుకున్న మనుషులు ముగ్గురికీ తాము దేని బండిలో కూర్చున్నారో చెప్పడానికి నోరు రాలేదు. నా జీవితమంతా తోలిన బండి అది. మా నాన్నగారు తోలిన బండి. నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది.

"దిగండి," అన్నాను.

ఎవరితో అంటున్నావన్నారు అధ్యక్షులు.

"మీతోనే. ముగ్గురూ దిగండి. ఆవిడకి రైలు టైమైంది."

దిగారు. ఎందుకు దిగారో నాకిప్పటికీ ఆశ్చర్యమే. బహుశా ఎవరూ ఆయనతో అలా మాట్లాడి ఎరగరు, అందుకని అలవాటు లేక దిగి ఉంటారు. నేను బియ్యం బస్తా కూడా వాళ్ళ పక్కనే దించేసి, పెట్టె ఎక్కించి, పెద్దావిడని చెయ్యిచ్చి ఎక్కించాను. కొంచెం ముందుకు జరగమ్మా అన్నాను. వెంటనే జరిగింది!

ఇక మేనత్త పరుగు చూడాలి! అదిలించక్కర్లేదు, కొరడా చూపించక్కర్లేదు. వెనక ఒక మనిషి ఉంది, ఆ మనిషి ఒక చోటికి వెళ్ళాలి. దానికి ఎలా తెలిసిందో నాకు తెలీదు, తెలిసింది. కమానులు కిర్రుమన్నాయి, చక్రాలు గలగలమన్నాయి. ఆవిడ దారంతా కూతురి గురించి చెప్పింది. మగపిల్లాడు పుడితే ఏం పేరు, ఆడపిల్ల పుడితే ఏం పేరు, అల్లుడు మంచివాడే గానీ బద్ధకస్తుడు. నేను ఊఁ కొడుతూ, ఎన్నాళ్ళకి ఈ కబుర్లు విన్నాన్రా అనుకున్నాను. రైలు అందింది.

ఆవిడ లోపలికి వెళ్ళగానే మేనత్త స్టేషన్ మెట్ల ముందు తోకెత్తింది. పరుగెత్తిందేమో, కుప్పలు కుప్పలు. అక్కడ ఊడ్చే ఆయన చీపురు విసిరికొట్టి, ఇప్పుడే ఊడ్చానయ్యా, ఈ పెంట ఎవరెత్తుతారు, బుద్ధుందా నీకూ నీ గుర్రానికీ అని నానా మాటలూ అన్నాడు. చదువరులారా, నాకు ఎంత హాయిగా ఉందో ఎలా చెప్పను! ఎన్ని నెలల తర్వాత ఒక మనిషి లద్దిని చూసి ముక్కు మూసుకున్నాడు! క్షమించమని దండం పెట్టి, చీపురు తీసుకుని, ఆ కుప్పంతా నేనే ఎత్తాను. వేడివేడిగా, ఆవిర్లు కక్కుతూ, మొదటి రకం సరుకు. మా వీధిలో అయితే పెళ్ళిళ్ళు కుదిరే సరుకు. ఎత్తి, శుభ్రంగా చెత్తకుండీలో పారబోశాను.

ఇంటికొచ్చేసరికి తెలిసింది, వచ్చే ఆదివారం నా మీద మీటింగట. పెట్టుకోనివ్వండి. గుర్రం నాది, పగ్గాలు నావి. సాల ఖాళీ చెయ్యమని తీర్మానిస్తే వాళ్ళ కుండీలే వాళ్ళని నిలదీస్తాయి.

మరి మొదట్లో ప్రయాణికుడంత పనికిమాలిన వస్తువు లేదని రాశావు కదయ్యా అంటారు మీరు. రాశాను. అది మా అధ్యక్షుడి గారి కోసం. ఆయన ఏ రచనైనా మొదటి పేరా చదివి, బాగుందని తలూపి, మిగతాది కుండీల కింద పరుస్తారు. మీరు ఇంతదాకా వచ్చారు కాబట్టి గుట్టుగా చెబుతున్నాను. నేనూ మేనత్తా రోజూ పొద్దున్నే స్టేషన్ మెట్ల దగ్గర ఉంటున్నాం. ఎక్కడికైనా వెళ్ళాల్సిన పని పెట్టుకుని రండి. వెనక్కి కూర్చున్నా ఏమీ అనను, బేరమాడినా ఏమీ అనను. ఎక్కగానే ఎక్కడికెళ్ళాలో నాకు చెప్పండి, అది చాలు.